గురి చూచి నడిచిన కాపరి – డాక్టర్ క్లౌ దొరగారి జీవితము



కొత్త సంవత్సరము రాగానే మన సంఘములలో కమిటీ కూడుతుంది. పాత సంవత్సరపు లెక్కలు చదువుతారు. చందా బాకీలు చదువుతారు. హాలు యజమాని అద్దె పెంచిన సంగతి చెబుతారు. స్థలము కొనాలని ఒకరు, ఉన్న రేకుల షెడ్డు తీసి స్లాబు వేయాలని మరొకరు అంటారు. టీ తాగి, ముగింపు ప్రార్థన చేసుకొని ఇండ్లకు వెళ్తాము. ఒక సంవత్సరము హోసూరులో ఇటువంటి కూటములోనే, సిప్కాట్‌లో నైట్ షిఫ్టు ముగించుకొని వచ్చి వెనుక బల్ల మీద కూర్చున్న ఒక యౌవన సహోదరుడు లేచి, ఈ యేడు మన సంఘానికి గురి ఏమిటని అయ్యగారిని అడిగాడు. మేమందరము స్లాబు ఖర్చు చెప్పాము. తాను అడిగింది ఖర్చు కాదనీ, డిసెంబరు వచ్చేసరికి ఈ సంఘము ఎవరికి ఏమి చేసి ఉండాలో అడుగుతున్నాననీ అతడు అన్నాడు. అయ్యగారు వెంటనే జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేకపోయాము.

ఆ ప్రశ్న మమ్మును వదలలేదు. అందుచేత ఈ సంచికలో మనందరికీ పేరు తెలిసిన ఒక దైవసేవకుని జీవితమును ఆ ప్రశ్నతోనే మరల చదువుదామని అనుకున్నాము. ఒంగోలు, కనిగిరి, నెల్లూరు ప్రాంతాల నుండి వచ్చి హోసూరు, కృష్ణగిరిలలో స్థిరపడిన కుటుంబాలలో క్లౌ దొరగారి పేరు వినని ఇల్లు ఉండదు. మన తాతముత్తాతలు బాప్తిస్మము పొందిన కథలో ఆయన పేరు ఉంటుంది. అయితే ఆయనను మనము ఒక్క రోజు లెక్కతోనే గుర్తుపెట్టుకున్నాము. ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము. ఆ లెక్క వెనుక ఉన్న గురి ఏమిటి? ఆ గురి ఎప్పుడు మారింది? ఎప్పుడు ఆగింది? ఇవి మనము అంతగా అడగలేదు.

కొండమీద అయిదుగురు

కథ క్లౌ దొరగారితో మొదలు కాదు. అమెరికా బాప్తిస్టులు పంపిన శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏండ్లు గడిచినా ఫలము బహు కొద్ది. 1853లో అమెరికాలో ఆల్బనీ పట్టణమున జరిగిన మహాసభలో ఈ తెలుగు మిషనును మూసివేయాలా అని చర్చ జరిగింది. పటములో ఒంటరిగా నిలిచిన ఈ ఒక్క స్టేషనును ఒంటరి నక్షత్రమని సభలో పిలిచారు. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ గారు ఆ పేరు మీదనే ఒక పద్యము వ్రాశారు. మరుసటి దినము అది సభలో చదువబడగా మిషను నిలిచింది. ఒంటరి నక్షత్రపు మిషను అన్న పేరు ఆనాటిదే.

అదే కాలములో ఇక్కడ నెల్లూరులో లైమన్ జూయెట్ దొరగారు పని చేస్తున్నారు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఆయనా, దొరసానిగారూ, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కారు. సూర్యుడు ఉదయించే వేళ ఆ అయిదుగురు ప్రార్థించారు. నేటికీ ఒంగోలువారు ఆ కొండను ప్రార్థన కొండ అంటారు.

వారు ఏమి అడిగారో గమనించండి. లోకమంతా రక్షింపబడాలని మాత్రమే వారు అడిగి దిగిపోలేదు. కింద కనబడుతున్న ఆ ఊరికి, ఒంగోలుకు, ఒక సేవకుని పంపమని అడిగారు. ఊరు ఒకటి, మనిషి ఒకడు. గురి అంటే ఇదే. అడిగిన తరువాత జూయెట్ దొరగారు ఊరకుండలేదు. ఒంగోలులో మిషనుకు ఇల్లూ స్థలమూ సంపాదించారు. 1862లో అమెరికాలో మిషనును మూసే మాట మరల వచ్చినప్పుడు, తన ఆరోగ్యము చెడి అక్కడే ఉన్న ఆయన, ఎవరూ పంపకపోయినా తాను ఒంటరిగానైనా తెలుగువారి యొద్దకు తిరిగి వెళ్తానని తెగేసి చెప్పారు. ఆ పట్టుదల వలననే మిషను నిలిచింది. వారు కొండమీద అడిగిన మనిషి ఒంగోలులో కాపురము పెట్టేసరికి పన్నెండు యేండ్లు దాటాయి.

వలస కుటుంబపు బిడ్డ

ఆ మనిషే జాన్ ఎవరెట్ క్లౌ. ఆయన 1836 జూలై 16వ తేదీన అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టారు. డే దొరగారు ఇండియాకు వచ్చిన సంవత్సరమే ఆయన పుట్టిన సంవత్సరము కూడా. ఆయన పసితనములోనే ఆ కుటుంబము బ్రతుకుతెరువు కొరకు పడమటి దిక్కునకు వలసపోయింది. మొదట ఇల్లినాయ్, తరువాత అయోవా. కొత్త నేల దున్నుకొని, కర్రలతో ఇల్లు కట్టుకొని బ్రతికిన కుటుంబము అది. ఊరు విడిచి వచ్చి కొత్త చోట ఇల్లు నిలుపుకోవడము ఎంత కష్టమో మనకు వేరే చెప్పనక్కరలేదు.

యౌవనములో ఆయన మిన్నెసోటా అడవులలో భూమి కొలిచే సర్వేయర్ల గుంపులో చేరారు. గొలుసు పట్టుకొని, గుర్తులు నాటుతూ, చలిలో నీళ్ళలో తిరిగి ఆ పని నేర్చుకొని సర్వేయరయ్యారు. ఈ సంగతి చిన్నదిగా కనబడవచ్చును గాని ఆయన పరిచర్య అంతటిలో ఇది కనబడుతుంది. సర్వే చేసేవాడు ఒక గుర్తు నుండి మరొక గుర్తు చూడకుండా అడుగు వేయడు. ఎక్కడ నిలిచామో తెలియనివానికి ఎక్కడికి పోవాలో తెలియదు.

ఆయనకు అప్పుడు దేవుని విషయమై ఆసక్తి లేదు. లాయరు కావాలని, రాజకీయములో పైకి రావాలని ఆశ. చదువు కొరకు అయోవాలో బర్లింగ్‌టన్ పట్టణమందలి బాప్తిస్టు కళాశాలకు వెళ్ళారు. అక్కడ 1858లో మారుమనస్సు పొంది బాప్తిస్మము తీసుకున్నారు. 1861లో హారియెట్ సండర్లాండ్ గారిని వివాహమాడారు. 1862లో డిగ్రీ ముగించారు. జూయెట్ దొరగారు తెలుగువారి యొద్దకు తిరిగి వెళ్ళుటకు సిద్ధమైనప్పుడు ఆయనతోకూడ ఈ యువ దంపతులు 1864 నవంబరు 30వ తేదీన బోస్టనులో ఓడ ఎక్కారు. కొన్ని మాసములు సముద్రము మీద గడిపి 1865లో మద్రాసు చేరి, అక్కడి నుండి నెల్లూరు వచ్చారు. తెలుగు నేర్చుకొని 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురము పెట్టారు.

ఆయన గురి తప్పిన సమయము

1867 జనవరి 1వ తేదీన ఒంగోలులో ఎనిమిది మంది సభ్యులతో సంఘము ఏర్పడింది. ఆ రోజులలో క్లౌ దొరగారికి ఒక గురి ఉంది. ఊరిలోని బ్రాహ్మణులను, పెద్దకులాలవారిని ముందు సంపాదిస్తే మిగతావారు వారి వెంట వస్తారని ఆయన తలంపు. వారి పిల్లలకు పాఠశాల పెట్టారు. పెద్దలు స్నేహముగా వచ్చి పోతూ ఉన్నారు. చూచేవారికి అది తెలివైన గురి.

కాని దేవుడు వేరొక దారి తెరిచాడు. కనిగిరి వైపున తాళ్ళకొండపాడు అనే ఊరిలో ఎర్రగుంట్ల పేరయ్యగారు అనే మాదిగ పెద్ద ఉన్నారు. ఆయన తోళ్ళ వ్యాపారి. యోగమార్గములో గురువుల నాశ్రయించి సత్యమును వెదకిన మనిషి. వ్యాపారమునకై ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నారు. 1866లో పేరయ్యగారూ ఆయన భార్య నాగమ్మగారూ బాప్తిస్మము పొందారు. పేరయ్యగారు ఊరికి తిరిగి వెళ్ళి తన వారికి చెప్పారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో గుడారము వేసుకొని ఉండగా చుట్టుపక్కల పల్లెల నుండి జనము వచ్చి నేల మీద కూర్చొని విన్నారు. 28 మంది బాప్తిస్మము పొందారు.

మాదిగలు సంఘములో చేరుతున్నారన్న వార్త ఒంగోలు చేరింది. పెద్దకులాలవారు వచ్చి, వీరిని చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను పంపము అన్నారు. క్లౌ దొరగారికి నిద్ర పట్టలేదు. ఏ గురి పెట్టుకొని పాఠశాల పెట్టారో ఆ గురి చేజారిపోతున్నది. ఆయన ఒక గదిలో బైబిలు తెరువగా మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయము 26వ వచనము నుండి కనబడిన మాటలు ఆయనను నిలిపాయి. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగము అది. ఆయన దొరసానిగారి గదికి వెళ్ళి చూడగా, ఆమె కూడా తనంతట తానే అదే భాగము చదువుతూ ఉన్నారు. ఆ దంపతులిద్దరికీ అది చాలింది. పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయారు, పాఠశాల మూతపడింది. పల్లె గూడెములవారికి తలుపు తెరువబడింది.

మన కాపరులు, పెద్దలు ఇక్కడ ఒక్క నిమిషము ఆగాలి. గురి లేకపోవడము ఒక తప్పు. దేవుడు చూపినది వేరైనప్పుడు మన గురినే పట్టుకొని ఉండడము అంతకన్న పెద్ద తప్పు. క్లౌ దొరగారు తన గురిని మార్చుకున్నప్పుడు ఊరిలో మర్యాద పోయింది, స్నేహితులు పోయారు. హోసూరులో మన సంఘముల విషయమేమిటి? క్వార్టర్సులో ఉండే ఆఫీసరు కుటుంబము ఆరాధనకు వస్తే ముందు కుర్చీ వేస్తాము. కృష్ణగిరి వైపు రాతి క్వారీలలోనూ, కట్టడము పనులలోనూ ఉన్న మన తెలుగు కూలీ కుటుంబము వస్తే ఎక్కడ కూర్చుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినప్పుడే మన గురి ఏమిటో బయటపడుతుంది.

కొలత, పంపకము, లెక్క అప్పగింత

ఆ తరువాత పదేండ్లలో పని పల్లె పల్లెకు పాకింది. క్లౌ దొరగారు గుర్రము మీదా, బండి మీదా, కాలినడకనా తిరిగారు. అయితే ఆయన ఒక్కడే తిరిగి ఉంటే ఆ పని జరిగేది కాదు. సర్వేయరు బుద్ధి ఇక్కడ పనికివచ్చింది. ఫీల్డును భాగములుగా చేసి, ఒక్కొక్క బోధకునికి కొన్ని పల్లెలు అప్పగించారు. పల్లె పెద్దలను తోసిపుచ్చక, పంచాయితీ పద్ధతిలోనే వారిచేత సంఘపు పనులు జరిపించారు. మూడు నెలలకొకసారి బోధకులందరూ ఒంగోలు వచ్చేవారు. కొన్ని దినములు అక్కడే ఉండి, తమ పల్లెలలో ఏమి జరిగిందో చెప్పి, వాక్యము నేర్చుకొని, వచ్చే మూడు నెలల పని మాట్లాడుకొని తిరిగి వెళ్ళేవారు. త్రైమాసిక కూటములు మన బాప్తిస్టు ఫీల్డులలో ఎంత బలమైన అలవాటో పెద్దవారికి తెలుసు. దాని మూలము ఇది.

విశ్వాసులకు కూడా మూడు సాదా నియమములు పెట్టారు. ఆదివారము పని చేయకూడదు. చచ్చిన పశువుల మాంసము తినకూడదు. విగ్రహములను పూజించకూడదు. చదువురాని మనిషికి సహితము ఈ మూడూ గుర్తుండేవి. వినుటకు చిన్నవే గాని, ఆ మూడింటిని పాటించినందుకు పల్లెలలో మన పితరులు దెబ్బలు తిన్నారు. జాతరలో డప్పు కొట్టమన్నందుకు కూలి పోగొట్టుకున్నారు, నీళ్ళకు దారి లేకుండా చేయబడ్డారు. అయినా నిలిచారు.

బోధకులకు తర్ఫీదు కావాలి గనుక 1870 దశకపు తొలి యేండ్లలో రామపట్నములో వేదపాఠశాల ఆరంభమయింది. క్లౌ దొరగారు 1872 నుండి 1874 వరకు అమెరికాలో ఉండి ఆ పాఠశాలకు నిధియు, కొత్త పనివారిని సమకూర్చారు. 1876 నాటి కరువుకు ముందే ఒంగోలు సంఘములో మూడు వేలకు పైగా సభ్యులు ఉన్నారు.

కరువు, కాలువ, ఆపివేసిన లెక్క

1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని మహా కరువు పట్టింది. లక్షలాది మంది చనిపోయారు. హోసూరు, కృష్ణగిరి ఆనాడు సేలం జిల్లాలోని తాలూకాలు. ఆ కరువు బహు ఘోరముగా కొట్టిన జిల్లాలలో సేలం ఒకటి. కృష్ణగిరి జిల్లా 2004లో ఏర్పడింది గాని, మనము నేడు నడిచే ఈ నేల ఆనాడు ఒంగోలు నేల వలెనే ఎండిపోయింది. మన పితరుల కథ, మనము వచ్చి చేరిన ఈ ఊరి కథ ఇక్కడ కలుస్తాయి.

ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. 1877లో క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. సర్వేయరుగా కొలతలు తెలిసినవాడు గనుక ఆ పని ఆయనకు కొత్త కాదు. రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించి, ఆకలితో వచ్చిన జనమునకు పని ఇచ్చారు. బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. మిగతా చోట్ల కూలి ఎగ్గొట్టేవారు, కొట్టేవారు ఉండగా ఇక్కడ చేసిన పనికి సరిగా కూలి ముట్టింది. మధ్యాహ్నము విరామములో బోధకులు జనము మధ్య కూర్చొని ప్రయాసపడువారిని పిలిచే ప్రభువును గూర్చి చెప్పారు.

అప్పుడు వేలమంది బాప్తిస్మము అడిగారు. లెక్కలు చూపే కాపరికి అంతకన్న మంచి సమయము దొరకదు. ఒంటరి నక్షత్రమని జాలిపడిన అమెరికా సభకు ఎంత గొప్ప రిపోర్టు పంపవచ్చును! క్లౌ దొరగారు ఇయ్యనన్నారు. అన్నము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో కరువులో తెలియదని ఆయన భయము. కరువు సహాయము జరుగుతున్నంత కాలము, దాదాపు పదిహేను నెలలు, బాప్తిస్మములు నిలిపివేశారు. ఆ కాలములో ఆయన గురి ఒక్కటే. మనుష్యులను బ్రతికించడము. అడిగినవారిలో ఎందరో బాప్తిస్మము పొందకుండానే కలరాతో, ఆకలితో చనిపోయారు. ఆ భారము ఆయన గుండె మీద ఎంత ఉండి ఉంటుందో కాపరులే గ్రహించాలి.

1878 జూన్ నాటికి సహాయము ముగిసే సమయము వచ్చింది. ఇక ఇచ్చుటకు డబ్బు లేదని చెప్పవలసి వచ్చింది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కూడుకోమని ఆయన బోధకులకు కబురు పంపారు. అయితే బోధకుల వెంట వేలాది జనము వచ్చింది. క్లౌ దొరగారు వారితో సహాయపు డబ్బు అయిపోయిందని, ఇక తన యొద్ద ఏమీ లేదని చెప్పి తిరిగి వెళ్ళమన్నారు. వారు వెళ్ళలేదు. తమకు డబ్బు అక్కరలేదని, కష్టపడి కాలువ తవ్వి బ్రతికామని, ఇకమీదట కూడ కష్టపడి బ్రతుకుతామని, తమకు బాప్తిస్మము ఇయ్యమని అడిగారు. ఇక కాదనుటకు ఆయనకు కారణము లేకపోయింది.

ఒక్కొక్కరిని బోధకులు విచారించారు. 1878 జూలై 3వ తేదీన 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. ఆ దినమున క్లౌ దొరగారు స్వయముగా నీళ్ళలోకి దిగలేదు. అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, అలసినప్పుడు మారుతూ, ఉదయము కొన్ని గంటలు, మధ్యాహ్నము కొన్ని గంటలు ఆ పని చేశారు. మూడు దినములలో మొత్తము మూడువేల అయిదు వందలకు మించింది. ఆ సంవత్సరాంతమునకు తొమ్మిది వేల ఆరు వందలు దాటింది. కొద్ది యేండ్లలో ఒంగోలు సంఘము ప్రపంచములోని బాప్తిస్టు సంఘములన్నిటిలో పెద్దదయింది.

మనము ఆ 2,222 అనే అంకెను గొప్పగా చెప్పుకుంటాము. దాని ముందున్న పదిహేను నెలల సున్నను చెప్పుకోము. ఆ సున్న లేకపోతే ఈ అంకెకు విలువ లేదని మా నమ్మకము. ఏ గురిని ఎప్పుడు ఆపాలో తెలిసిన కాపరికే ఆ గురిని సాధించే అర్హత ఉంటుంది.

మిగిలిపోయిన పని

జీవితము చెప్పేటప్పుడు తక్కువలు దాచడము మంచి పద్ధతి కాదు. ఇన్ని వేలమందిని చేర్చుకొనుట ఒక పని, వారిని కాయుట మరొక పని. ఒక్క సంఘపు పుస్తకములో ఇరవై వేల పేర్లుంటే ఎవరు ఎవరిని కాస్తారు? ఫీల్డును విడదీసి 1880 దశకములో కంభము, వినుకొండ, నరసారావుపేట, బాపట్ల వంటి కొత్త స్టేషన్లు పెట్టారు. బోధకులకు జీతము పల్లెలే ఇచ్చుకోవాలన్న గురి మాత్రము పూర్తిగా నెరవేరలేదు. కరువులు మరల మరల వచ్చే దేశములో, భూమి లేని కూలీలతో, అది త్వరగా జరిగే పని కాదు. మిషను డబ్బు మీద ఆధారపడే అలవాటు తరువాతి తరములకు కూడా మిగిలింది. పల్లెలలో ఒక కులమువారు చేరితే మరొక కులమువారు దూరముగా నిలిచారు. ఆ గోడ నేటికీ మన సంఘములలో కొన్ని చోట్ల నిలిచే ఉంది.

ఆయన ఆగలేదు. 1890 డిసెంబరు 28వ తేదీన ఒంగోలులో 1,671 మందికి బాప్తిస్మము జరిగింది. ఆ తరువాత అమెరికా వెళ్ళి, తెలుగు మిషనుకు ఇరవై అయిదుగురు కొత్త మిషనెరీలు కావాలని సంఖ్య చెప్పి అడిగారు. కొందరు కావాలని అడిగితే సభలు ప్రార్థించి ఊరుకుంటాయని ఆయనకు తెలుసు. సంఖ్య చెప్పి అడిగినందున డబ్బూ మనుష్యులూ సమకూడారు. కొండమీద అయిదుగురు ఒక్క సేవకుని అడిగిన ప్రార్థన, ఆ సేవకుని నోట ఇరవై అయిదుగురిని అడిగే విజ్ఞాపనగా మారింది.

1893లో హారియెట్ దొరసానిగారు మృతిచెందారు. 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. ఆమె కూడా ఈ మిషనులో పని చేసినవారే. మాదిగ పితరుల కథలను వారి నోటనే విని, చెప్పులు కుడుతూ చెప్పుకునే కథలని పేరు పెట్టి 1899లో పుస్తకము వ్రాశారు. పేరయ్యగారి వంటివారి జీవితములు మనకు నేడు తెలియుటకు ఆమె ముఖ్య కారకురాలు. వృద్ధాప్యములో క్లౌ దొరగారు కింద పడి పెద్ద దెబ్బ తగిలి నడకకు కష్టపడ్డారు. అయినను ఒంగోలు విడువలేదు. చివరకు 1910లో అమెరికా చేరి, నవంబరు 24వ తేదీన రోచెస్టరు పట్టణములో ప్రభువునందు నిద్రించారు. ఆయన చెప్పగా ఎమ్మా గారు వ్రాసిన జీవిత చరిత్ర 1914లో వెలువడింది. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రియు, జూయెట్ దొరగారి పేరిట దేవాలయమును వెలిశాయి.

మన గురి

వలస వచ్చిన మనకు ఇంకొక మాట జ్ఞాపకము చేయాలి. దక్షిణాఫ్రికాలోని నెటాల్ చెరకు, తేయాకు తోటలకు మన తెలుగువారు కూలికి వెళ్ళినప్పుడు వారికి కాపరి లేడు. తెలుగు బాప్తిస్టులే తమ చందాలతో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారిని 1903లో అక్కడికి పంపారు. ఆ సంవత్సరాంతములోనే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడింది. అప్పటికి మన పితరులు పేదవారే. అయినా, ఊరు విడిచిన తమ బిడ్డలకు కాపరి ఉండాలన్న గురి వారికి ఉంది.

హోసూరులోనూ కృష్ణగిరిలోనూ మనము ఇక కొత్తవారము కాము. ఇండ్లు కట్టుకున్నాము, పిల్లలు ఇక్కడే తమిళమూ ఇంగ్లీషూ చదివి పెద్దవారయ్యారు. స్థిరపడిన సంఘమునకు ఉండే ప్రమాదము ఇదే, గురి అక్కరలేదనిపించడము. ఆదివారము ఆరాధన, క్రిస్మస్ చెట్టు, ఈస్టరు ఉదయకాల కూటము, సంవత్సరాంతపు లెక్క. బండి తనంతట తాను నడుస్తుంది. ఎక్కడికి నడుస్తుందో ఎవరూ చూడరు.

అందుచేత అయ్యగార్లకు, సంఘపెద్దలకు, స్త్రీల సమాజమునకు మా మనవి ఇది. కమిటీలో కూర్చున్నప్పుడు కొండమీద అయిదుగురి వలె పేరు పెట్టి గురి పెట్టుకుందాము. ఏ కాలనీ, ఏ క్వారీ, ఏ హాస్టలు, ఎన్ని కుటుంబములు, ఎవరు వెళ్తారు, ఎప్పటిలోగా అని వ్రాసుకుందాము. తెలుగు బైబిలు చదువలేని మన పిల్లలు ఎందరున్నారో లెక్కించి, వారిలో ఎందరికి ఈ యేడు నేర్పుతామో అందరి యెదుట చెప్పుదాము. మూడు నెలలకొకసారి కూడి, ఒకరినొకరము నిందించకుండ లెక్క అప్పగించుకుందాము. గురి తప్పినదని వాక్యము చూపితే సిగ్గుపడక మార్చుకుందాము. మనుష్యులు కష్టములో ఉన్నప్పుడు లెక్క పక్కన పెట్టి ముందు మనుష్యులను చూచుకుందాము. పని అంతా అయ్యగారి మీదనే వేయక, ఆరుగురు బోధకుల వలె వంతులు వేసుకొని నీళ్ళలోకి దిగుదాము.

ఆ యౌవన సహోదరుడు అడిగిన ప్రశ్నకు ఆ దినమున జవాబు దొరకలేదని మొదట వ్రాశాము. ఆ తరువాతి నెల కూటములో అయ్యగారు ఒక చిన్న కాగితము తెచ్చి చదివారు. స్లాబు సంగతి దానిలో ఉంది గాని అది మూడవ వరుసలో ఉంది. మొదటి వరుసలో, ఊరి బయట షెడ్లలో ఉంటున్న పన్నెండు తెలుగు కుటుంబముల పేర్లు ఉన్నాయి. వాటి యెదుట మన సంఘస్థుల పేర్లు కూడా వ్రాసి ఉన్నాయి. అప్పటి నుండి మేము ఆ కాగితమును ప్రతి కూటములో మొదట చదువుకుంటున్నాము. కొన్ని పేర్ల యెదుట పని జరిగింది, కొన్నింటి యెదుట జరగలేదు. జరగనివి కూడా చదువుతాము.

మన పితరులను గుండ్లకమ్మ యొద్దకు నడిపించిన దేవుడు, వారి బిడ్డలమైన మనలను కూడ గురి యొద్దకు నడిపించును గాక. ఆమేన్.